పసుపు అంటిన విలుకత్తె

గొర్రెను కొనబోయే ముందు మైసయ్య దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. తర్వాత వెన్ను మీద బొటనవేలు ఆనించి తోక దాకా మెల్లగా జరుపుతాడు. అతని కొడుకు వీరేశం బొమ్మను కొనబోయే ముందు మోకాళ్ళు చూస్తాడు. వంగుతాయా, వంగిన చోట నిలుస్తాయా అని. తర్వాత దాని చేతిని భుజం దగ్గర పట్టుకొని పైకి లేపి వదిలేస్తాడు. చెయ్యి గాలిలో అట్లాగే ఆగితే బొమ్మ మంచిది. టక్కున పడిపోతే నకలు.

ఈ చూపు తండ్రి నుంచి వచ్చిందని వీరేశానికి తెలియదు. అతని భార్య సరళకు తెలుసు. సంతలో ఒకసారి మామను, సూర్యాపేట బస్టాండు బయట బొమ్మల బండి దగ్గర ఒకసారి మొగుణ్ణి చూసి, ఇద్దరూ ఒకే తీరుగా పెదవి విరుస్తారని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. చెప్తే మురిసిపోతాడని చెప్పలేదు.

వీరేశం పోగుచేసేవి సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే వీరుల బొమ్మలు. జానెడు పొడవు, మెడ నుంచి చీలమండ దాకా కీళ్ళు. ముసుగు కట్టి మేడల మీద దూకేవాళ్ళు, ఇనుప చొక్కాల వాళ్ళు, గద్ద తలతో మనిషి ఒంటితో ఉండేవాళ్ళు, తుపాకులు ఎక్కడో పోగొట్టుకొని ఉత్త పిడికిళ్ళతో మిగిలిన సైనికులు. మిర్యాలగూడలో వాళ్ళుండే రెండు గదుల కిరాయి ఇంట్లో గోడ అరల నిండా వాళ్ళే. వాటికి కంపెనీ పెట్టిన పేర్లు అతనికి తెలుసు. అయినా ఇంట్లో మాత్రం మందలో జీవాలను పిలిచినట్టే పిలిచేవాడు. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్నది బొల్లి. చెయ్యి విరిగినది ఒంటిరెక్క. నల్లగా నిగనిగలాడేది కాకి. సరళ బూజు దులుపుతున్నప్పుడు ఏదైనా కింద పడితే, బొల్లి పడ్డదని అక్కడి నుంచే కేకేసేది. కూతురు సంతోషికి బొమ్మల మీద మనసు లేదు. దానికి లెక్కలంటే ఇష్టం.

వీరేశం పుట్టింది మఠంపల్లి దారిలో, కృష్ణ ఒడ్డుకు మందలను తోలుకుపోయే ఒక ఊళ్ళో. ఎనిమిదేళ్ళప్పుడు అతనికొక గొర్రెపిల్ల ఉండేది. ఒళ్ళంతా తెలుపు, చెవుల కొసలు మాత్రం సిరాలో ముంచినట్టు నల్లగా. ఒకరోజు తల్లి నాంచారమ్మ గడపకు పసుపు రాసి, గిన్నెలో కొంచెం వదిలేసి లోపలికి పోయింది. వీరేశం ఆ మిగిలిన పసుపు తీసుకుపోయి ముద్దుకొద్దీ పిల్ల నుదుటికీ వీపుకూ పూశాడు. ఎండలో అది నడిచే పువ్వులా మెరిసింది. సాయంత్రం మందతో తిరిగొచ్చిన మైసయ్య దాన్ని చూసి, కర్రను గోడకు ఆనించాడు. కొట్టలేదు, తిట్టలేదు.

“పూసినవ్ గద బిడ్డా. ఇగ అది మనది గాదు” అన్నాడు.

వాళ్ళ ఇంటి పద్ధతి అది. పసుపు పూసిన జీవాన్ని దేవరకు విడిచినట్టే. దాన్ని అమ్మరు, మళ్ళీ మందలో కలపరు. ఆ ఏడు దురాజ్‌పల్లి గట్టు జాతరకు పోయిన బండిలో ఆ పిల్ల కూడా పోయింది. బండి మలుపు తిరిగేదాకా నల్లని చెవి కొసలు రెండు కనిపిస్తూనే ఉన్నాయి. తెలియక పూస్తే లెక్కలోకి రాదు కదా అని పిల్లవాడు ఏడుస్తూ అడిగితే, పూసిన చేతికి తెలియకున్నా పసుపుకు తెలుసని తండ్రి జవాబు చెప్పాడు.

ఆ మాట వీరేశం లోపల ఎక్కడో ఒక మూల కూర్చుంది. మందల వైపు మాత్రం అతని మనసు మళ్ళలేదు.

2001లో అతను కోదాడలో ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు, కొత్త పెళ్ళి. ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు గదులు తీసుకొని ఉండే వీధిలో, జీవన్ అనే అతను ఒక షట్టర్ గదిలో నాలుగు టీవీలు పెట్టి వీడియో గేముల దుకాణం నడిపేవాడు. టైము చూడడం, జాయ్‌స్టిక్ బటన్లు చెడిపోతే విప్పి బాగుచేయడం వీరేశం పని. చదివింది పదో తరగతే గానీ స్క్రూలతో, సన్నని తీగలతో అతని వేళ్ళకు తొందరగానే స్నేహం కుదిరింది.

మధ్యాహ్నం అందరూ కాలేజీకి పోయాక గది ఖాళీ అయ్యేది. నాలుగు తెరల వెలుగు నేల మీద నీళ్ళలా పరుచుకునేది. అప్పుడతను ఒకే ఒక ఆట ఆడేవాడు. అందులో తెల్లజుట్టు పిల్ల ఒకతె వీపున అమ్ములపొది కట్టుకొని మంచుకొండ ఎక్కుతుంటుంది. శిఖరం మీద ఒక పెద్ద గంట. ఆమె విల్లు పైకెత్తి ఆ గంటను కొడితే కొండ లోపల చిక్కుకున్న తమ్ముళ్ళందరూ బయటికొస్తారు. వీరేశం ఆమెను ఎన్నోసార్లు శిఖరం దాకా తీసుకుపోయాడు. గంట కనిపించేది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే మెమొరీ కార్డును ఎవరో కాజేశారు, జీవన్ కొత్తది కొననే లేదు. కరెంటు వచ్చి టీవీ వెలిగేసరికి ఆ పిల్ల మళ్ళీ కొండ మొదట్లో, మోకాలి లోతు మంచులో, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది. మూడేళ్ళలో ఆమె చెయ్యి పైకి లేవడం వీరేశం ఒక్కసారీ చూడలేదు.

2004లో కంప్యూటర్లు విద్యార్థుల గదుల్లోకే వచ్చేశాయి. జీవన్ దుకాణం మూసి హైదరాబాద్ వెళ్ళిపోతూ, టీవీ మీద అలంకారంగా పెట్టిన నీలం కవచం బొమ్మను వీరేశం చేతిలో పెట్టాడు. తనతో తీసుకుపోతే అక్కడ దాన్ని ఎవరు చూస్తారని అన్నాడు. ఆ రోజు మిర్యాలగూడ బస్సులో కూర్చొని వీరేశం దాని మోకాళ్ళు వంచి చూశాడు. అవి వంగి, వంగిన చోటే నిలిచాయి. మొదటి బొమ్మ అదే.

మిర్యాలగూడలో అతను రైసు మిల్లులో చేరాడు. జారిపడే బియ్యంలో నల్ల గింజ కనిపించగానే గాలి ఊది దాన్ని పక్కకు నెట్టేసే సార్టెక్స్ మిషన్ దగ్గర ఆపరేటర్. రోజంతా తెల్లని జలపాతం ముందు నిలబడే పని. వారమంతా ఆ తెలుపు చూసి చూసి, ఆదివారం వచ్చేసరికి కళ్ళు రంగుల కోసం వెతుక్కునేవి. బస్సెక్కి సూర్యాపేట పోయేవాడు. బస్టాండు బయటి బండ్లు, పాత ప్లాస్టిక్ కొనే దుకాణాలు, హైవే మీద కార్లు ఆగే హోటళ్ళు. ప్రయాణంలో పిల్లలు బల్లల కింద మరిచిపోయిన బొమ్మలను అక్కడి సర్వర్లు ఒక డబ్బాలో వేసి అతని కోసం ఉంచేవారు. రెండేళ్ళకోసారి గట్టు జాతరలో దొరికేవి మరీ వింత. ఒకరి ఒంటి మీద ఇంకొకరి తల. వీరేశం పెదవి విరిచి రెండడుగులు ముందుకేసేవాడు. ఆ తర్వాత జాలిపడి వెనక్కొచ్చి కొనేవాడు.

ఆడబొమ్మలు మాత్రం దొరికేవి కావు. ఆరుగురి జట్టులో ఒక్కతె ఉంటుంది, ఆ ఒక్కతెనే తక్కువ తయారుచేస్తారు. ఆటలోని తెల్లజుట్టు పిల్ల బొమ్మ ఉందని ఒక బొమ్మల పుస్తకంలో ఫోటో చూశాడు గానీ అయిదేళ్ళు వెతికినా కనబడలేదు. 2009లో ఒకరోజు హైదరాబాద్ నుంచి జీవన్ ఫోన్ చేశాడు. తెలిసినవాళ్ళ కొట్టు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికిందని, కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నానని చెప్పాడు. ఒక షరతు కూడా పెట్టాడు. కత్తెర పెట్టొద్దు. బొమ్మలు పోగుచేసేవాళ్ళు మంచి బొమ్మను అట్టపెట్టెలోంచి తియ్యరట. చింపని పెట్టెలో ఉంటేనే అది పూర్తి బొమ్మ.

వీరేశం ఆ మాట నిలబెట్టుకున్నాడు. అరల మధ్యలో, ముందువైపు పారదర్శకంగా ఉన్న ఆ పెట్టెలో ఆమె మూడేళ్ళు నిలబడింది. తెల్లజుట్టు, ఎడమ చేతిలో విల్లు, రెండు చేతులూ నడుము దగ్గర. అతను పొద్దున టీ తాగేది ఆమె ఎదురుగానే. సరళ ఆమెకు సవతి అని పేరు పెట్టింది.

“నీ రెండో పెండ్లాం ముకం మీద దుమ్మువడ్డది. తుడిసి పనికి పో” అనేది. అతను తుడవకపోతే తనే కొంగుతో తుడిచేది.

ఇక 2012. అంతకు రెండేళ్ళ ముందు వానల్లో గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చి, మైసయ్య మందలో రోజుకు రెండు మూడు చచ్చిపోయాయి. సగం మంద మిగిలినా చాలు, బొమ్మల కథ చెప్పిస్తానని అతను మొక్కుకున్నాడు. సగం కన్నా ఎక్కువే మిగిలింది. గొర్రెలు కాసే ఇళ్ళకు తరతరాలుగా మందెచ్చులవాళ్ళు వచ్చి, కొయ్యబొమ్మలను వరసగా నేల మీద నిలబెట్టి, పశువుల కోసం యుద్ధం చేసిన పూర్వీకుల కథ చెప్తారు. మైసయ్య ఇంటికి వచ్చే మందెచ్చులాయన యాదగిరి. డెబ్బై దాటినవాడు. చూపు సరిగా ఆనదు కాబట్టి కథ పగలే చెప్పేవాడు. వేసవి మొదట్లో ఒక ఆదివారం ఖాయం చేసుకున్నారు. ఆ నెలాఖరుకు మైసయ్య మందను తమ్ముడికి అప్పజెప్పాలి, నడవడానికి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మంద తన చేతి కింద ఉండగానే మొక్కు తీరాలి. చేయి మారితే అది తీరని మొక్కుగానే మిగిలిపోతుందని అతని దిగులు.

కథకు పది రోజుల ముందు యాదగిరి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇచ్చిన నీళ్ళు కూడా తాగకుండా, బొమ్మల పెట్టెకు చెదలు పట్టాయని చెప్పాడు. రెండేళ్ళు ఎవరూ కథ చెప్పించలేదు. పెట్టె మూలన పడి ఉంది. తెరిస్తే అయిదుగురు యోధులు, వాళ్ళ అక్క పొడి పొడిగా రాలారు. కొత్తవి చేసే ఆయన వానలు పోయాక గానీ ఇవ్వలేనన్నాడు.

“అయిదుగురు లేకున్నా నెట్టుకొస్త. అక్క లేంది కథ లేవది, మైసన్నా” అన్నాడు యాదగిరి. యుద్ధానికి పోయే తమ్ముళ్ళకు గుట్ట మీద నిలబడి చెయ్యెత్తి దీవెన ఇచ్చేది ఆ అక్కే.

నాంచారమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే, ఇందులో అంత ఆలోచించేదేముందని అడిగింది. మన వీరేశం ఇంట్లో గోడ నిండా ఉన్నారు కదా, అడగండి అంది. ఆమె దృష్టిలో బొమ్మ అంటే బొమ్మే. ఇన్నేళ్ళూ కొడుకు ఎవరి కోసం అవన్నీ పోగుచేస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది.

మైసయ్య కొడుకును ఏదీ అడిగే మనిషి కాడు. మిల్లుకు ఫోన్ చేసి, మిషన్ల హోరులో రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. “ఒక ఆడిబొమ్మ గావాలె పిలగా. జానెడుండాలె. గంతే.”

వీరేశం సరేనన్నాడు. మిషన్ ముందు తిరిగొచ్చి నిలబడితే బియ్యం కళ్ళకు ఆనలేదు.

యోధులకు కొదవ లేదు. బొల్లి, కాకి, ఒంటిరెక్క, గద్ద తలవాడు, నీలం కవచం. చిక్కంతా అక్కతోనే. అతని దగ్గర ఉన్న ఆడబొమ్మ ఒక్కతే, ఆమెను తియ్యాలంటే పెట్టె చింపాలి. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఒక సన్నపాటి వీరుణ్ణి తెచ్చి సరళ ముందు పెట్టి, చిన్న చీర కుట్టమన్నాడు. సరళ జాకెట్టు గుడ్డ ముక్కతో ఓపిగ్గా కుట్టి, కట్టి, ఎత్తి పట్టుకొని చూసింది. చీర కుదిరింది. ముఖం మీద మాత్రం దట్టమైన మీసం.

“మీసాలకు గూడ పసుపు పూస్తరా మీ ఇంట్ల?” అంది.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సరళ లేచి అరలోంచి ఆ పెట్టె తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. కథ కాగానే తెచ్చుకొని మళ్ళీ పెట్టెలో పెట్టి టేపు వేద్దామని, ఎవరూ గుర్తుపట్టరని చెప్పింది. సవతి అని ఆ రోజు అనలేదు.

వీరేశం బియ్యం సంచులు కోసే చిన్న కత్తితో పెట్టె అంచు వెంట మెల్లగా గీశాడు. ఎన్నేళ్ళదో గాలి సన్నగా బయటికొచ్చింది, కొత్త ప్లాస్టిక్ వాసనతో. బొమ్మ వెంటనే రాలేదు. వెనక్కి తిప్పి చూస్తే, అట్ట వెనుక నుంచి సన్నని తీగలు ఆమె రెండు మణికట్లకూ, నడుముకూ, చీలమండలకూ మెలితిప్పి బిగించి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే ఆ సంగతే తెలియదు. ఆమె అట్లా హాయిగా నిలబడి ఉందనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఒక్కొక్క తీగనే విప్పాడు. ప్లాస్టిక్ మీద తీగల గుర్తులు సన్నగా పడి ఉన్నాయి. అలవాటు ప్రకారం భుజం పట్టుకొని చెయ్యి లేపబోయి ఆగాడు. మంచి బొమ్మో కాదో అడగబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున్నే బియ్యం శాంపిళ్ళ సంచిలో ఆరుగురినీ పెట్టుకొని సరళతో కలిసి ఊరికి బస్సెక్కాడు. సంతోషికి పరీక్షలు, పక్కింట్లో ఉండిపోయింది.

యాదగిరి బొమ్మలను కళ్ళతో కాదు, చేతులతో చూశాడు. బొల్లిని, కాకిని తడిమి పక్కన పెట్టాడు. గద్ద తలవాణ్ణి తడిమి, ఇతగాడెవరో శత్రువుల వైపు బాగా పనికొస్తాడన్నాడు. తెల్లజుట్టు పిల్లను తీసుకొని మెడ, వీపు, విల్లు తడుముతూ భుజం దగ్గరకు వచ్చాడు. అక్కడ వేళ్ళు ఆగాయి. మెల్లగా నొక్కాడు. కీలు కదిలింది. ముసలాయన మళ్ళీ నొక్కి చూశాడు. నలభై ఏళ్ళుగా అతని కథలోని అక్క కొయ్య అక్క, చేతులు రొమ్ముకు అతుక్కొని ఉండేవి. చెయ్యెత్తిందని తను నోటితోనే చెప్పేవాడు, వినేవాళ్ళు మనసులోనే ఎత్తుకునేవారు.

ఆమెకు ఎర్రగుడ్డ కట్టి, మిగిలిన కొయ్యబొమ్మల పక్కన నిలబెట్టాడు.

మధ్యాహ్నం పందిరి కింద కథ మొదలైంది. ఊళ్ళోవాళ్ళు, చుట్టాలు, కట్టేసిన గొర్రెలు. యాదగిరి తమ్ముడు లింగయ్య డోలు వాయిస్తున్నాడు. వరసలో ఇనుప చొక్కాల కొత్తవాళ్ళను చూసి మొదట ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. అర్ధగంట గడిచేసరికి ఎవరూ నవ్వడం లేదు. బొల్లి పశువులకు అడ్డంగా నిలబడ్డాడు. ఒంటిరెక్కను చూసి, పోయిన యుద్ధంలోనే చెయ్యి పోగొట్టుకున్నాడు కాబోలని వెనక ఒకామె జాలిపడింది. వీరేశం పందిరి గుంజకు ఆనుకొని నిలబడి చూస్తున్నాడు. ఇంట్లో అరల మీద ఈ బొమ్మలకు ఎప్పుడూ ఏ పనీ ఉండేది కాదు. ఇక్కడ అందరికీ పని ఉంది.

తమ్ముళ్ళు యుద్ధానికి బయల్దేరారు. యాదగిరి రోలు మీద బట్ట కప్పి గుట్ట చేశాడు. అక్కను దాని మీద నిలబెట్టాడు. డోలు ఆగింది. ముసలాయన వేలు ఆమె మోచేతి కిందకు పోయింది. విల్లు పట్టిన చెయ్యి కదిలి, కొంచెం లేచి, భుజం దాటి, తల దాటి పైకి పోయింది. అతను వేలు తీసేశాడు. చెయ్యి గాలిలో అట్లాగే నిలబడింది.

ముందు వరసలోని ఆడవాళ్ళు చేతులు జోడించారు. ఎవరో వెక్కారు. మైసయ్య, ఆ కథను చిన్నప్పటి నుంచి పది పన్నెండు సార్లు విన్నవాడు, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీరేశం చెవుల్లో మాత్రం ఎక్కడో చాలా దూరంలో, కోదాడలో ఒక షట్టర్ గది చీకట్లో, మంచుకొండ మీద గంట మోగింది. ఈసారి కరెంటు పోలేదు.

పొద్దు వాలేవేళకు కథ ముగిసింది. యుద్ధంలో కూలినవాళ్ళు నేల మీద పడుకొని ఉన్నారు, అక్క ఒక్కతే నిలబడి ఉంది. నాంచారమ్మ పళ్ళెంలో పసుపు కలిపి తెచ్చింది. మొక్కు చెల్లించిన ఇంటి పెద్దకొడుకు, చివర నిలిచిన అక్కకు పసుపు పూయాలి. అది పూశాకే బొమ్మల పెట్టె మూస్తారు.

మైసయ్య పళ్ళెం వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. అతనికి ఒక్కసారిగా ఏదో గుర్తొచ్చినట్టుంది. పళ్ళాన్ని చేత్తో కప్పి యాదగిరి వైపు తిరిగి, ఈ బొమ్మ అరువు తెచ్చింది కదా, ఎట్లా అని అడిగాడు. యాదగిరి కాసేపు గడ్డం గోక్కున్నాడు. కూలినవాళ్ళను తీసుకుపోవచ్చు, వాళ్ళ కథ అయిపోయింది. నిలిచినామెకు పసుపు పూస్తే మాత్రం ఆమె మందెచ్చుల పెట్టెలోకే వస్తుంది.

“పూయకున్నా మొక్కు తీరినట్టే, మైసన్నా. కథ నడిసింది గద. పిలగా, నీది నువ్వు తీస్కపో. ఎవ్వరేమనరు” అన్నాడు వీరేశంతో.

సరళ మొగుడి ముఖం చూసింది. ఆమె సంచిలో మడత పెట్టిన ఆ ఖాళీ అట్టపెట్టె ఉంది, టేపు కూడా ఉంది. వీరేశం ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుట్ట మీద అక్క చెయ్యి ఇంకా దించలేదు. అట్టపెట్టెలో పెట్టాలంటే ఆ చేతిని దించాలి. రెండు మణికట్లకూ తీగలు మళ్ళీ మెలితిప్పాలి.

అతను తండ్రి చేతిని మెల్లగా పక్కకు జరిపి, పసుపులో వేలు ముంచి, ఆమె నుదుటికి పూశాడు. తర్వాత భుజానికి.

“తెలిసే పూస్తున్నవా?” అన్నాడు మైసయ్య.

“తెలిసే పూస్తున్ననే” అన్నాడు వీరేశం.

తిరుగు బస్సులో సంచి తేలికగా ఉంది. లోపల అయిదుగురు కూలినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుకొని వస్తున్నారు. మిర్యాలగూడలో దిగేముందు సరళ, సవతి పీడ ఇట్లా విరగడవుతుందని అనుకోలేదని, కళ్ళు తుడుచుకుంటూ అంది.

ఖాళీ పెట్టెను వీరేశం పారేయలేదు. అరల మధ్యలో ఎప్పటి చోటే పెట్టాడు. నెలకోసారి యాదగిరి ఫోన్ చేసి ఆమె ఇప్పుడు ఎక్కడుందో చెప్పేవాడు. ఒకసారి మఠంపల్లి, ఒకసారి నడిగూడెం అవతల. చేయి లేపే అక్క ఉందని తెలిసి, కథ చెప్పించడం మానేసిన ఇళ్ళవాళ్ళు కూడా పిలుస్తున్నారట. వానలు పోయాక కొత్త కొయ్య అక్క వచ్చింది గానీ, ఆ కొయ్య అక్కే యాదగిరి పెట్టెలో రెండో అక్కగా ఉండిపోయింది.

2014లో, రాష్ట్రం వచ్చిన రెండు మూడు నెలలకు, ఫోన్‌లో యాదగిరి గొంతు దిగులుగా ఉంది. కోదాడలో కథ ఉంది, అక్క చెయ్యి నిలవడం లేదు, ఎత్తగానే పడిపోతోంది. వీరేశం మిల్లుకు సెలవు పెట్టి, జాయ్‌స్టిక్కుల కాలం నాటి చిన్న స్క్రూడ్రైవరు జేబులో వేసుకొని పోయాడు. ఒకప్పటి షట్టర్ గది దారిలోనే ఉంది. ఇప్పుడది సెల్‌ఫోన్ల దుకాణం. అతను ఆగకుండా పోయాడు.

యాదగిరి ఆమెను అతని చేతిలో పెట్టాడు. పసుపు మీద పసుపు పేరుకొని తెల్లజుట్టు బంగారు రంగులోకి తిరిగింది. ముక్కు కొస అరిగింది. విల్లు తాడు తెగి, దాని స్థానంలో గొర్రె ఉన్ని పోగు కట్టి ఉంది. అట్టపెట్టెలో అన్నేళ్ళున్నా రానంత వయసు ఈ రెండేళ్ళలో వచ్చింది. వీరేశం కీలు విప్పి, లోపలి పసుపు పొడిని ఊది, పలచని రబ్బరు ముక్క వేసి మళ్ళీ బిగించాడు. భుజం పట్టుకొని చెయ్యి లేపి వదిలేశాడు.

నిలబడింది.

అతను పెదవి విరవలేదు. ముసలాయన చేతికి తిరిగిచ్చి, కథ వింటూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఆమె చెయ్యెత్తినప్పుడు అందరితో పాటు తనూ చేతులు జోడించాడు.

ఆ వారమే ఇంటికి సున్నం వేయడానికి వచ్చిన వీరబ్రహ్మం, అరల్లో బొమ్మలన్నీ చూసుకుంటూ మధ్యలో ఆగి, ఈ పెట్టెలోది ఏదని అడిగాడు. వీరేశం మిల్లులో ఉన్నాడు. సరళ ఖాళీ పెట్టెను కొంగుతో తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టింది.

“కథకు పోయింది” అంది. “ఇగ ఆడ్నే ఉంటది.”